స్టూలు మీద అక్క

"నవ్వకు బావా! ఇప్పుడు నేను మా అక్కని."

"ఆ మీసాలేంటి, ఆ చున్నీ ఏంట్రా? తీసెయ్. మాట పెగలట్లేదు."

చెంపదెబ్బ తిని తమ్ముడింటికి వచ్చేసిన భార్యను తీసుకుపోదామని వచ్చాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ముందుగదిలో బామ్మర్దిని స్టూలు మీద కూర్చోబెట్టుకుని క్షమాపణ వల్లెవేస్తున్నాడు. పాపం, పొద్దుట్నుంచీ ఒక్క వాక్యానికి ఆయన నోరు తిరగడం లేదు.

"నువ్వు సరిగ్గా చెప్పావని నేను పాస్ చేస్తేనే అక్క గదిలోంచి బయటికొస్తానంది. ఊఁ, కానీ."

"సరే. ఇదిగో... మొన్న చెయ్యి జారింది."

"సబ్బుందా చేతికి?"

"ఛ! చెయ్యి లేచింది."

"దానంతటదే లేచిందా? మీరెక్కడికెళ్లారప్పుడు?"

"ఒరేయ్, పాలు పొంగిపోయాయిరా! స్టవ్ కట్టెయ్యమని ఎంత మొత్తుకున్నా... కోపంలో ఒళ్లు తెలీలేదురా!"

"రా ఏంటి? నేను మీ భార్యని."

"తెలీలేదే!"

"నిన్న మీ దగ్గర నేర్చుకునే ఆయన కారు తీసుకెళ్లి గోడకి గుద్దాడటగా. ఏమన్నారు?"

"'పర్లేదు సార్, నెమ్మదిగా రివర్స్ తీయండి' అన్నా."

"కొట్టలేదా?"

"పిచ్చా ఏంటి? కస్టమరు. పైగా ఆరడుగులున్నాడు."

"అయితే ఒళ్లు తెలిసిందన్నమాట."

"అదీ..."

"నేనెంత ఎత్తండీ?"

"నా భుజం దాకా... ఏయ్, ఇలాంటివి అడక్కు! మగాడన్నాక కాస్త..."

"కాస్త?"

"మా నాన్న కూడా అంతే..."

"మావయ్యగార్నీ రమ్మనండి. ఆయనకో స్టూలు వేస్తాను."

"నువ్వు మీ అక్క కంటే గయ్యాళివిరా!"

"మా అక్క గయ్యాళా?"

"కాదు. కాదురా... ఒక్క మాట ఎదురు చెప్పదు. చెప్పదనే..."

"ఊఁ?"

"చెప్పదనే కొట్టాను. కోపమొచ్చి కాదు. నువ్వు తిరిగి కొట్టవని తెలిసే కొట్టాను. నేనే కొట్టాను. చాలా? సిగ్గుతో చచ్చిపోతున్నా. చాలా?"

"చాలు బావా. పాస్."

"అమ్మయ్య! దీని కన్నా సందులో లారీ తిప్పడం నయం. గొంతెండిపోయింది, ఆ నీళ్లు ఇటు... అదేంట్రా?"

"ఏంటి?"

"గ్లాసు కోసం చెయ్యి చాపితే మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నావ్!"

"వేషంలో ఉన్నాగా. ఆడాళ్లు అలాగే చేస్తారుగా."

"ఏ ఆడాళ్లు?"

"అక్క..."

"మీ అక్క చెయ్యదు. మా అమ్మ చేసేది. ఒక్క దెబ్బకి వచ్చే అలవాటు కాదురా అది. ఎవర్ని చూసి నేర్చుకున్నావ్?"

"బావా, నువ్వెళ్లి అక్కతో మాట్లాడుకో. పాస్ అన్నానుగా."

"ఎవర్ని చూసిరా?"

"...మా ఆవిణ్ణి."

"లే. నేను కూర్చుంటా. ఇప్పుడు నేను మీ ఆవిణ్ణి. మొదలెట్టు. గట్టిగా చెప్పు, లోపల ఇద్దరున్నారు."