గోడ మీది లెక్కలు

సిరిసిల్లలో ఒక అమ్మాయికి లెక్కలు చదివి చదివి మతి చెడిందని, ఇంటి గోడల నిండా లెక్కలే రాస్తున్నదని కోరుట్లలో అందరూ నమ్ముతున్నారు. బస్టాండులో ఒక తండ్రి, తనకు చదువు చెప్పి రిటైరైన మాస్టారికి ఆ అమ్మాయి గోడ మీద రాస్తున్న వీడియో ఫోన్లో చూపిస్తున్నాడు.

“అందుకే నా బిడ్డను మ్యాథ్స్ మాన్పిస్తున్న, సారూ.”

“గీ పిల్ల ఎవలి బిడ్డనో అడిగినవా?”

“అడుగుడెందుకు? అన్ని గ్రూపులల్ల వచ్చింది. నేను సుత పంపిన.”

“ఛీ. నీకు లెక్కలు చెప్పింది నేనేనని ఎవలకూ చెప్పకు.”

“గట్లంటరేంది? కండ్లతోని చూస్తున్నం గద.”

“నేను సుత చూసిన, పోయిన నెల జగిత్యాల టాకీసుల. గిది సినిమా ముక్క. అండ్ల పిల్లకు మతి మంచిగనే ఉంటది. తండ్రి చదువు మాన్పించి పుస్తకాలు గుంజుకుంటే, గోడ మీద రాసుకుంటది.”