సంత కొసన కొడవళ్ల కొట్టు

తొందరపడితే ఎట్లప్పా కేశవా? పిడి బిగించకుండా వేటకొడవలి ఎట్ల ఇచ్చేది? దాని మీద చెయ్యి తియ్యి. కూర్చో. కూర్చోవా? సరే, నిలబడే విను.

అసలు నన్ను తెచ్చి ఈడ పెట్టినోళ్లను అనల్ల! ఇంజనీరు సారు కొత్త సంతకు సున్నంతో గీతలు గీసె, చీటీలు ఎత్తించె. నాకేం వచ్చె? గొర్రెల దొడ్డి పక్కనే షెడ్డు. కమ్మరి పెద్ద ఈరన్న అదృష్టం చూడండ్రా అని అందరూ నవ్విరి. నేనూ నవ్వితి. ఈపొద్దే కదా ఈడ మొదటి సంత.

కండ్లు అట్ల ఎర్రగా ఉండాయేమప్పా? తెలుసులే. దొడ్లో మాట ఈడికి వినపడతాది. టువ్వాల కింద ఎవురికీ కనపడకుండా నువ్వు వేళ్లు నొక్కి చెప్పిన ధరను ఆ గొర్రెలమ్మే దేవేంద్రప్ప నలుగురిలో అరిచి చెప్పె. "ఇంతేరా వీని బతుకు" అనె. తప్పే. టువ్వాల కింద బేరం టువ్వాల కిందే ఉండల్ల. నువ్వు ఊరుకుంటివా? వాని చెంప పగలగొడితివి. మంది విడిపించిరి.

ఇదే పాత సంతలో అయ్యుంటే? గొర్రెలు తూర్పు కొసన, మా కొడవళ్లు పడమటి కొసన. తాతల కాలం నుంచీ అంతే. బేరం అంతా ఆడ జరుగుతాంటే మనం ఇంత దూరమెందుకు జేజినాయనా అని చిన్నప్పుడు మా తాతను అడిగితే, ఆయన ఒక కత చెప్పె.

నీ మాదిరే ఒకడు గొర్రెల కాడ మాటపడి, కొడవలి కోసం బయలుదేరినాడంట. దారిలో కుండలు. ఉరికితే పగులుతాయి, కుమ్మరామెది శానా పెద్ద నోరు. మెల్లగా నడిచినాడు. ఉప్పు రాశుల కాడ ఒకామె "ఏం మామా, అత్త వాత పెట్టిందా, మొకం అట్లుండాది?" అనె. బొరుగుల కాడ ఎవరి బిడ్డో కాళ్లకు అడ్డం పడె. ఎత్తుకుపోయి వాళ్లమ్మకిచ్చె. గాజులామె ఊరికే వదులుతుందా? మా జేజినాయన కాడికి వచ్చేతలికి వాని చేతిలో గాజులుండాయి. "కొడవలి కావల్లనా అప్పా?" అంటే, "చిన్న పార ఉంటే ఇయ్యి, కలుపు పెరిగింది" అన్నాడంట.

నవ్వు రాలేదా? నాకూ ఈపొద్దు రాలేదులే.

మనం ఆ దూరాన్ని వట్టి దారి అనుకుంటిమి, అంతే. అది ఎంతమందిని ఇంటికి పంపిందో ఎవురికి తెలుసు? ఇప్పుడు చూడు. దొడ్డి గేటు దాటితే నాలుగు అంగల్లో నా కొట్టు. కోపం సల్లారేదానికి చోటు యాడుండాది? అందుకే నేనే కుండలు, నేనే ఉప్పు, నేనే గాజులై వాగుతాండా.

కొడవలి మీద చెయ్యి తీస్తివే. మంచిది. మొన్న మీ ఇంటామె స్వర్ణలత మా ఇంటి కాడికొచ్చి కత్తిపీట సాన పట్టించుకోని పోయె. సంతలో గొర్రెపిల్లను తెస్తాడు మామా, పిల్లోళ్లు కాసుకోని కూర్చుండారు అనె. పో నాయనా. కొట్టు ఎనకాల సందు ఉండాది, అట్ల పోయి రాయచోటి బస్సెక్కు. గేటు పక్క పోవద్దు.

ఎందుకంటావా?

ఎట్ల చెప్పేదప్పా. ఆ ఖాళీ మేకు చూడు. మంది విడిపించగానే, నీకంటే ముందే దేవేంద్రప్ప వచ్చె. కొత్త కొట్టులో తొలి బోణీ. బోణీ బేరం కాదంటామా? దుడ్లు కండ్లకద్దుకోని, ఆ మేకుకుండిన వేటకొడవలి ఇస్తి. వాని మొకం చూడలేదు. ఇప్పుడు నీతో ఇంత వాగినోన్ని, వానితో ఒక్క మాట మాట్లాడలేదు.

అదుగో, గేటు కాడ ఎవరో నిలబడినారు. నాకు చూపు ఆనదు. వాని చేతి మీద టువ్వాల కప్పి ఉండాదా? చూసి చెప్పప్పా.