పక్క గది బోర్డు

ఫ్లోరెన్స్ గారూ, అమ్మా సింధూ, ప్రిన్సిపాల్ గారూ, రేపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన బంధువులారా, తోటి మాస్టార్లూ, పిల్లలూ,

అందరికీ నమస్కారం. ఇంతమంది ఒక్కచోట చేరితే శాలేమురాజు గారు వెనక నిలబడి తలలు లెక్కపెడుతూ ఉండాలండి. ఆయన అలవాటది. ఇవాళ ఆయన ఫొటో అయి ముందుకొచ్చారు, మనం వెనకున్నాం. ఇది నాకు ఇంకా అర్థం కాలేదు. మంగళవారం మధ్యాహ్నం క్లాసు చెప్పారు. సాయంత్రం బస్సులో ఇంటికెళ్ళారు. రాత్రి గుండెనొప్పన్నారు. తెల్లారేసరికి లేరన్నారు. ఎలా అర్థం చేసుకోమంటారు?

నా పేరు శివరామయ్య. తెనాలి నుంచి వస్తాను, ఈ బాపట్ల కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆయన సి ప్రోగ్రామింగ్ చెప్పే గదికి పక్క గది నాది. ఆయన పాఠంలో నాకొచ్చింది గోడ అవతల నుంచి వినపడినంతే. అలాంటి నన్ను నిన్న ప్రిన్సిపాల్ గారు పిలిచి, కొత్తవాళ్ళు వచ్చేదాకా ఆ క్లాసు మీరే చూడండి మాస్టారూ అన్నారు. రేపు మొదటి పీరియడే అది.

ఆయన చెబుతున్న పాఠం థ్రెడ్లు. నాకు తెలిసినంతలో చెబుతాను, తప్పయితే పిల్లలు నవ్వుకోండి, పర్వాలేదు. పెద్ద ప్రోగ్రాం ఒక పనిని ఇంకొకరికి అప్పగించి పంపుతుంది. ఆ వెళ్ళినవాడే థ్రెడ్. వాడు పని చేసి జవాబు తేవాలి. కానీ జవాబు చేత్తో పట్టుకు రాడట! జవాబు ఫలానా చోట ఉందని చిరునామా తెస్తాడట. ఆ చిరునామానే పాయింటర్ అంటారు. ఇదేం తిప్పలండీ, తెచ్చేదేదో జవాబే తేవచ్చుగా అని అడిగాను. ఆయన నవ్వి, 'ఆగండి మాస్టారూ, మీ గదిలోనే చూపిస్తా' అన్నారు.

నిజంగానే చూపించారు. నా గది ఖాళీగా ఉన్న పీరియడ్‌లో తన క్లాసు పిల్లాడు కార్తీక్‌ని అక్కడికి పంపారు. ఏదో కూడిక చేసి రమ్మన్నారు. వాడు నా బోర్డు మీద కూడిక చేసి, జవాబు అక్కడే వదిలేసి, 'పక్క గది బోర్డు మీద ఉందండి' అని వెళ్ళి చెప్పాడు. ఈలోగా బెల్లు కొట్టారు. నేనొచ్చాను. బోర్డు చెరిపాను. ఎవరైనా చెరుపుతారు కదండీ, నా గది అది! ఇంటిగ్రేషన్ మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఈయన క్లాసు క్లాసంతా వచ్చి నా గుమ్మంలో నిలబడింది. నా లెక్క వైపు వేలు చూపించి, 'చూశారా, గార్బేజ్ వాల్యూ అంటే ఇదే' అన్నారు ఆయన. నా ముప్పై ఏళ్ళ లెక్కల్ని ఒక్క ముక్కలో చెత్త అనేశారు! వారం రోజులు మాట్లాడలేదు నేను. ఆ వారమూ రోజూ టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చి కూర్చున్నారు.

ఇంకోటి చెబుతాను. పిల్లల్ని వాడరేవు సముద్రం చూపించడానికి తీసుకెళ్ళాం. సాయంత్రమైంది. అందరూ బస్సెక్కారు, అభిషేక్ రాలేదు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాకు తెనాలి బండి తప్పిపోతుందని ఒకటే కంగారు. శాలేమురాజు గారు బస్సు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. 'మెయిన్ ముందు వెళ్ళిపోతే బయటున్న థ్రెడ్లన్నీ ఎక్కడివక్కడ పోతాయండి, జాయిన్ అయ్యేదాకా కదలకూడదు' అన్నారు. మెయిన్ ఎవరో, ఎవరు పోతారో, ఆ హారన్ మోతలో నాకేం తెలుస్తుంది? మెయిన్ అంటే పని అప్పగించి పంపిన ఆ పెద్ద ప్రోగ్రామేనట, జాయిన్ అంటే వెళ్ళినవాడు తిరిగొచ్చి కలవడమట, తర్వాత చెప్పారు. బండి తప్పింది. చాలాసేపటికి అభిషేక్ ఎండుచేపల పొట్లంతో పరిగెత్తుకొచ్చాడు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. 'ఏం తెచ్చావురా?' అన్నారు, అంతే. పంపినవాళ్ళం ఎదురుచూడాలి, వచ్చినవాణ్ణి ఏం తెచ్చావని అడగాలి. ఆయన సబ్జెక్టంతా ఇదేనేమో అని ఇప్పుడనిపిస్తోంది. కాదేమో కూడా. నాకు తెలియదు.

ఇక మంగళవారం సంగతి. ఆ రోజు ఆయన బోర్డు మీద ఒక ప్రోగ్రాం రాశారు. థ్రెడ్ తన లోపలి డబ్బాలో జవాబు వేసుకుని, ఆ డబ్బా చిరునామా తిరిగి పంపేస్తుంది. ఇది తప్పు అని ముందే చెప్పారు. పని అయిపోగానే థ్రెడ్ పోతుంది, దాని డబ్బా మీద ఎవరికీ హక్కుండదు. చెప్పి, కంప్యూటర్ మీద నడిపి చూపించారు. ఏమొచ్చింది? సరైన జవాబే వచ్చింది! ప్రియ లేచి అడిగిందట, సార్, జవాబు కరెక్టే వచ్చిందిగా, మరి తప్పెలా అవుద్ది అని. 'రేపు మీ చేతే చెప్పిస్తాను. బోర్డు చెరపకండి' అన్నారట. ఆ రేపు రాలేదు.

పిల్లలు ఆ ప్రశ్న పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నిన్న ప్రియా నేనూ ల్యాబ్‌లో కూర్చున్నాం. ఎన్నిసార్లు నడిపినా సరైన జవాబే. నాకు భయమేసిందండి. ఆయనే పొరబడ్డారా? రేపు ఆయన క్లాసులో నిలబడి, మీ సార్ చెప్పింది తప్పు అని నేను చెప్పాలా? ఆయనకే ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. చేశాను కూడా! అలవాటైన నంబరు, చేయి నొక్కేసింది. ఫ్లోరెన్స్ గారు ఎత్తి, 'చెప్పండన్నయ్య గారూ' అన్నారు.

ఆ తర్వాత ప్రియ ఒక పని చేసింది. మొదటి థ్రెడ్ వచ్చాక, జవాబు చదవకముందే, ఇంకో థ్రెడ్‌ని వేరే పని మీద పంపింది. అప్పుడు చదివితే జవాబు లేదు. ఏదో తలాతోకా లేని అంకె. ఆ అంకె చూడగానే నాకు నా ఇంటిగ్రేషన్ గుర్తొచ్చింది. తర్వాత ఆ గదికి వచ్చింది నేనే కదా! నేను రాకపోతే కార్తీక్ జవాబు అక్కడే ఉండేది. ఎవరో భద్రం చేసినందుకు కాదు. ఇంకా ఎవరూ రానందుకు. ఆయన పొరబడలేదండి.

మరి సరైన పద్ధతేంటి? అదీ గోడ అవతల నుంచి విన్నాను. పంపేటప్పుడే చేతికి పలకిచ్చి, దీని మీద రాసుకురా అనాలి. లేదా ఏ గదికీ చెందని వరండా నోటీసు బోర్డు మీద చోటు అడిగి తీసుకోవాలి. పనయ్యాక దాన్ని ఖాళీ చేసే బాధ్యత మాత్రం మనదే.

పిల్లలూ, ఇప్పుడు మీతో ఒక్క మాట. మంగళవారం నుంచి ఆ గదిలోకి మీరెవర్నీ రానివ్వడం లేదు. బోర్డు మీద ఆయన చేతిరాత అలాగే ఉంది. కింద ఎవరో పూలు కూడా పెట్టారు. అది చూస్తే ఆయన ఇప్పుడే బయటికెళ్ళారనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ రాత ఎందుకుంది? ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి ఉంది. రేపు మొదటి పీరియడ్‌కి నేనొస్తాను. డస్టర్ తీసుకుంటాను. నన్ను తిట్టుకోకండి. ముందు ప్రతి ఒక్కరూ అది మీ మీ పుస్తకాల్లోకి ఎక్కించుకోండి. ఆయన అన్నట్టే జవాబు ప్రియ చెబుతుంది. అప్పుడు చెరుపుతాను. చేయి వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే కార్తీక్, నువ్వొచ్చి నాతో పాటు డస్టర్ పట్టుకో.

ఫ్లోరెన్స్ గారూ, మీకేం చెప్పాలో ఫోన్‌లోనూ తెలియలేదు, ఇక్కడా తెలియడం లేదు. మీకు గానీ మీ అమ్మాయి సింధుకు గానీ ఏ పనున్నా కబురు పెట్టండి, వస్తాను.

అందరూ ఒకసారి లేచి నిలబడండి. వెనకున్నవాళ్ళు కూడా. ఒక్క పిల్లాడి కోసం బస్సాపేసిన మనిషి ఆయన. ఆయన కోసం ఒక్క రెండు నిమిషాలు మనం కూడా కదలకుండా ఉందాం. ఆయన రారని తెలుసు. అయినా ఆగుదాం.