వెంకటపతి బావ పెట్టిన లింకు

ఏంటల్లుడూ, రెండు కట్టల యూరియాకి ఆ సీసా ఏంటి? వద్దన్నా అంటగట్టారా? లింకా? హహ్హ... ఇంకా అదే నడుస్తోందన్నమాట. ఇలా కూర్చో, మన బస్సు ఇప్పట్లో రాదు. ఈ పామర్రు సెంటర్లో బస్సు కోసం నిలబడితే ముందు మోకాళ్లు పోతాయి, ఆ తర్వాతే బస్సొస్తుంది. ఆ సీసా చూస్తే మా వెంకటపతి బావ గుర్తొచ్చాడయ్యా. నువ్వెరగవులే, ఆయన పోయేనాటికి నువ్వింకా నిక్కర్లేసుకుని తిరుగుతున్నావ్. మాది పక్కపక్క చేలు. ఆయనది కౌలు, మూడెకరాలు. మనిషి కరెంటు స్తంభానికి పంచె కట్టినట్టుండేవాడు. నోరుంది చూశావూ, అది మాత్రం నలుగురు మనుషుల పెట్టు.

అప్పట్లో ఇక్కడే, అదిగో ఆ సెల్‌ఫోన్ల షాపు ఉందే, అక్కడ వెంకట్రామయ్య గారని ఒకాయనకి ఎరువుల కొట్టుండేది. మనకి ఎరువు, అదే పిండి, అమ్మేదీ ఆయనే, మన ధాన్యం కొనేదీ ఆయనే. పిండి అప్పిచ్చినవాళ్లకే ధాన్యం పొయ్యాలి కదా మన దగ్గర, రేటు కూడా వాళ్లు చెప్పిందే. ఇక డీఏపీ కట్ట అడిగితే చాలు, పక్కన ఒక జింకు ప్యాకెట్టూ, ఒక పైరు టానిక్కు సీసానూ పెట్టేవాడు. అవీ కొంటేనే కట్ట, అదీ లింకంటే. ఇవెందుకండీ అంటే గోడ మీద దేవుడి పటం వంక చూస్తూ, మెత్తగా, "నా చేతుల్లో ఏవుందయ్యా, కంపెనీ వాళ్లే ఇలా పంపుతున్నారు" అనేవాడు. కంపెనీ వాణ్ణి చూసినవాడెవడూ లేడనుకో. మా బావ ఆ సీసాలన్నీ తెచ్చి గొడ్ల చావిట్లో అటక మీద పడేసేవాడు. చేలో పోస్తే పైరు నవ్వుద్దనేవాడు.

ఇట్లా కాదని ఒక ఏడు మొండికేశాడు. ఈసారి అప్పుపిండి తేను, నగదుకే కొంటాను, ధాన్యం నా ఇష్టమొచ్చినవాడికి పోస్తానన్నాడు. నగదేదీ మరి? బావ భార్య, మా గంగాదేవక్కయ్యకి గేదె ఉంది. దాని పాల డబ్బుల మీదే ఆ ఇల్లు నడిచేది. "గేదె నాది, అమ్మేది నువ్వా?" అని ఆవిడ చెంబు గిరాటేసింది. "ధాన్యం కాటా అయిన రోజే తోలుకొస్తానే, తేలేకపోతే నాకు కూడు పెట్టకు" అని ఒట్టేసి, మా ఊళ్లోనే ఉండే మోషేకి అమ్మాడు. ఆ గేదె ఏం చేసేదో తెలుసా? సాయంత్రం మేత నుంచొస్తూ తిన్నగా వీళ్ల చావిట్లోకే దూరేది. మోషే వచ్చి, "అక్కా, ఏవనుకోకు" అంటూ దాన్ని బయటికి లాక్కుపోయేవాడు. ఆవిడ ఇటు తిరిగి బావని తిట్టేది. పంట చేతికొచ్చేదాకా రోజూ ఇదే భాగోతం.

ఆ ఏడే, మన ఖర్మ బాగుండి, ధాన్యం రేటు ఎగిరింది. ఎప్పుడూ కబురు పంపించే వెంకట్రామయ్య గారు స్వయంగా కళ్లంలోకి దిగాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. గుడివాడ మిల్లుకి ఆ పూటే లోడు పంపుతానని మాటిచ్చాడంట, లారీ గట్టు మీద పెట్టుకునే వచ్చాడు. అవతల ఇంకో బ్రోకరు మోటారు సైకిలు దిగుతున్నాడు. మా బావ గింజ అరచేతిలో పోసి చూపించి, "మీకివ్వక ఎవరికిస్తానండీ, రేటు ఇదీ" అని పై రేటే చెప్పాడు. ఆయన గుటకేసి సరేనన్నాడు. అప్పుడు మావాడు తల గోక్కుంటూ, "కాకపోతే చిన్న లింకుందండీ" అన్నాడు. చావిట్లోంచి గంపలు దిగాయి. జింకు ప్యాకెట్లూ, టానిక్కు సీసాలూ, ఎలకలు కొట్టినవి, గడ్డకట్టినవి, అన్నీ ఆయన కొట్లోవే. "ధాన్యంతో పాటు ఇవీ తీసుకోవాలండీ, సీసా మీద వేసిన రేటుకే" అన్నాడు. "ఇదెక్కడి అన్యాయమయ్యా, డేటు కూడా అయిపోయింది!" అని ఆయన గోల. మా బావ ఆకాశం వంక చూసి, అచ్చం ఆయన గొంతుతోనే, "నా చేతుల్లో ఏవుందండీ, కంపెనీ వాళ్లే ఇలా పంపుతున్నారు" అన్నాడు. కంపెనీ ఎవరయ్యా అంటే ధాన్యం రాశి పక్కన చేట పట్టుకు కూచున్న గంగాదేవక్కయ్యని చూపించాడు. ఆవిడ చేట దించకుండా, "రూలంటే రూలేనండీ" అంది. కాటా వేసే కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. నేను నవ్వలేక బోదె కాలవలో కూలబడ్డాను. లారీ డ్రైవరు హారన్ మీద హారను. వెంకట్రామయ్య గారు చెమట తుడుచుకుని, డబ్బిచ్చి, ఆ గంపలు కూడా లారీ ఎక్కించుకున్నాడు. మోషేకి డబ్బు కట్టేసి, పొద్దుగూకేలోపు గేదెని ఇంటికి తోలుకొచ్చేశాడు బావ.

ఆఁ... తర్వాతా? తర్వాతేవుంది. మళ్లీ సార్వా పంటకి బావ ఆయన కొట్టుకెళ్తే "స్టాకు లేదు వెంకటపతీ" అన్నాడాయన. వెనక కట్టలు కనపడుతూనే ఉన్నాయి, అవన్నీ వేరేవాళ్ల పేరు మీదున్నాయన్నాడు. ఇంకో కొట్టువాడూ ఇవ్వలా, అందరూ ఒకటే కదా. బందరెళ్లాడు, అవనిగడ్డెళ్లాడు, బస్సు టాపు మీద ఒక్కో కట్టా మోసుకొచ్చాడు. అప్పటికే పైరు ఎరువు లేక పసుపురంగుకి పాలిపోయింది. గింజ పట్టలా. రేటు కూడా పడిపోయింది ఆ ఏడు. కౌలు కట్టాలిగా, మళ్లీ గేదెని తోలాడు. ఈసారి మోషేకి కాదు, సంతకి. ఇంక తిరిగి రాలా. ఆ రాత్రి వాళ్ల అరుగు మీద కూచున్నప్పుడు అడిగేశాను అల్లుడూ. ఎందుకు బావా ఆ వెటకారం, నోరు మూసుకుని ధాన్యం అమ్ముకుంటే పోయేదిగా అన్నాను. నిజంగా కోపంగానే అన్నాను. ఆయన చుట్ట ముట్టించుకోబోయి ఆగాడు. లోపల అక్కయ్య ఇంకా అన్నం పెట్టలా. "పుట్టి బుద్ధెరిగిన కాడ్నించీ వాళ్లు చెప్పిన రేటే వింటన్నా బావా. ఒక్కసారి నేను చెప్తే ఆయన మొహం ఎట్టా అయిందో చూశావుగా? గేదె ఉంటే మళ్లీ అమ్ముతా" అన్నాడు. లోపల్నించి అక్కయ్య, "నేనూ చూశాలే, ఇంక లేచి అన్నానికి రా" అంది.

ఊఁ.

ఆ యూరియా కట్ట ఇటు తిప్పిపెట్టు, కుట్టు ఊడేట్టుంది.