రెజ్ వచ్చేలోగా వెలగాలి

ఇంగ్లండులోని బర్న్‌లీలో ఫిబ్రవరి మధ్యాహ్నం. ముందుగది గోడలో, గ్యాస్ కుంపటి వెనక, ఇల్లంతా వెచ్చబరిచే ముప్పై ఏళ్ళ బాయిలర్ ముందు, దాన్ని రిపేరు చెయ్యడానికొచ్చిన క్రెయిగ్ బోర్లా పడుకుని ఉన్నాడు. తను కదిలితే అది ఇక వెలగదేమో అన్నట్టు డోరీన్ అతని నెత్తి మీదే నిలబడి ఉంది, పాపం.

"ఇంకోసారి నొక్కు నాయనా. ఇరవై లెక్కపెట్టేదాకా వేలు తియ్యకు. దాన్ని కాస్త బతిమాలాలి."

"నాలుగుసార్లు బతిమాలానమ్మా. లోపలి చిన్న మంటే నిలబడట్లేదు."

"నాకైతే నిలబడేది. వారం కిందటిదాకా రోజూ పొద్దున్నే నేనే వెలిగించేదాన్ని."

"రోజూనా? అంటే రోజూ ఆరిపోయేదా?"

"ముసలిదైపోయింది కదా, నాలాగే. టీ తాగుతావా?"

"వద్దమ్మా. రోజూ ఆరిపోయేదా?"

"బిస్కట్లున్నాయి."

"అమ్మా!"

"ఏడాదిన్నరగా ఇంతే. కబుర్లు తర్వాత, ముందు వెలిగించు. మూడింటికి మా ఆయన వస్తున్నాడు."

"ఊరెళ్ళారా?"

"వాళ్ళక్క ఎనిడ్ ఇంట్లో ఉంటున్నాడు, క్రిస్మస్ ముందర్నుంచీ. ఇవాళ ఒక్క గంట కూర్చుని, బాగుంటే ఉండిపోతానన్నాడు. అన్నాట్ట, ఎనిడ్ చెప్పింది. రెజ్‌కి చలంటే పడదు. ఇల్లిలా మంచుగడ్డలా ఉంటే ఎక్కొచ్చిన కారే ఎక్కి పోతాడు. ఇక మళ్ళీ రాడు."

"క్రిస్మస్ ముందర ఎందుకు వెళ్ళిపోయారు?"

"ఒంట్లో బాగాలేక."

"ఒంట్లో బాగాలేకపోతే ఎవరైనా ఇంటికొస్తారు గానీ..."

"నువ్వు గ్యాసు మనిషివా, పోలీసువా?"

"సరే సరే. కాస్త పక్కకి జరగండి, ఈ పొగబిళ్ళ వెలిగిస్తాను. పొగంతా పొగగొట్టంలోకి పోవాలి."

"పోతుందిలే."

"పోతోందా?"

"ఇదేంటి, గదిలోకే వస్తోంది! నా కర్టెన్లు!"

"గోడకి కిందుగా గాలి కన్నం ఉండాలే, జల్లెడ మూతతో. ఏదీ?"

"అదా? బీరువా వెనక. దాంట్లోంచి ఒకటే ఈదురుగాలి. రెజ్ మోకాళ్ళు పోయాక మంచం ఇక్కడికి దింపాం. ఆ గాలి సరిగ్గా ఆయన మెడ మీదకే. మూడు జతల పాత మేజోళ్ళలో పేపర్లు కుక్కి నా చేత్తో నేనే దట్టించాను. చీమ కూడా దూరదు. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయాడో!"

"ఎప్పుడు దట్టించారు?"

"ఈ చలికాలం కాదు, దీనికి ముందు చలికాలం మొదట్లో. ఏం, దానివల్లా వెలగడం లేదు? తీసేస్తాను, తీసేస్తే వెలిగిస్తావా? ఈ ఒక్క పూటకి చాలు."

"తలనొప్పులు వచ్చేవా మీకు?"

"సాయంత్రాలు వచ్చేవి. పగలంతా బడి వంటింట్లో పని, రాత్రి పడక మేడ మీద. వారంగా లేవు. ఇది ఆరిపోయిందని దిగులు పడటంలో మర్చిపోయానేమో."

"ఆయనకి?"

"ఆయనకి వేరే. మతి చెదిరిందన్నాడు డాక్టరు. అనుమానపు జబ్బన్నాడు. మాత్రలిచ్చాడు."

"ఏం అనుమానం?"

"ఏవో."

"చెప్పండమ్మా."

"టీ ఇస్తే సింకులో పారబోసేవాడు. కూర వండితే ముందు నేను తినాలి. 'డోరీన్, నాకేదో పెడుతున్నావు, ఈ ఇంట్లో నన్ను చంపుతున్నావు' అని అరిచేవాడు. వీధంతా విన్నారు. నలభై నాలుగేళ్ళు కాపురం చేశాను నాయనా ఆయనతో! ఎనిడ్ ఇంటికి వెళ్ళిన పది రోజులకే లేచి తిరిగాడు. అంటే ఏమిటి? నా మొహం చూస్తేనే ఆయనకి జబ్బు."

"ముందు ఆ కిటికీలు తియ్యండి."

"ఇంత చలిలోనా? రెజ్ వస్తుంటే?"

"తియ్యండమ్మా. తలుపు కూడా. ఇది సరిగా మండకపోతే విషపు గాలి పుడుతుంది. రంగుండదు, వాసనుండదు. పైకి పోవాల్సింది గదిలోకి వచ్చింది. గదిలోకి మంచి గాలి వచ్చే దారేమో మూసి ఉంది. ఆయన మంచం ఇక్కడే ఉండేది. తలనొప్పి, మత్తు, లేనిపోని భయాలు, అన్నీ దాంతో వస్తాయి."

"మళ్ళీ చెప్పు."

"మీరు కావాలని చెయ్యలేదు."

"అది కాదు. ఆయనకి పిచ్చి లేదంటావా?"

"నేను డాక్టర్ని కాను. కానీ ఈ గదిలో పడుకుంటే నాకూ అలాగే అయ్యేది."

"పిచ్చని నేనే చెప్పాను. డాక్టరుకి చెప్పాను, ఎనిడ్‌కి చెప్పాను. ఆయన మొహం మీదే అన్నాను. 'నీకు మతి పోయింది రెజ్, ఒప్పుకో' అని రోజూ నూరిపోశాను."

"కూర్చోండమ్మా. గ్యాసు కట్టేశాను. ఈ ఎర్ర చీటీ చూడండి, దీన్ని ఇక ఎవరూ వెలిగించకూడదు. కొత్తది పెట్టించుకోవాల్సిందే."

"ఎన్నాళ్ళు?"

"నెల పట్టొచ్చు. బయట కారు ఆగింది. మీ ఆయనకి నేను చెప్పనా?"

"వద్దు. నువ్వుండు."

"డోరీన్! తలుపు బార్లా తీసి పెట్టావేంటే? బాయిలర్ పోయిందా? పోతే పోయింది, కోటు వేసుకునే కూర్చుంటాను. ఏడవకు, నేనే సిగ్గుపడాలి. డాక్టరన్నది నిజం, నువ్వన్నది నిజం, పిచ్చి నాదే. నువ్వు నాకు విషం పెట్టడమేమిటి! వెళ్ళి టీ పెట్టు, ఇవాళ కప్పు ఖాళీ చేస్తాను చూడు. ఏం, లోపలికి రానివ్వవా?"

"ఆ గుమ్మం దాటకు రెజ్. అప్పుడు నువ్వన్నదే నిజం. నేను పెట్టాను."