ఉలవచారు

మేపడానికి గడ్డి లేక ఎద్దుల జతను కదిరి సంతలో అమ్మి వచ్చిన భర్త, ఊళ్లో శెట్టి అంగడి ముందే భార్యకు ఎదురుపడ్డాడు.

"రాత్రికి ఏం చేసేది? చారుకు ఉలవలు తీసుకుందామా?"

"చారు మనం తాగితే, ఉడికిన ఉలవలు ఎవరికి పెడతావు? కొట్టంలో ఎవరుండారు?"

"మరిచిపోయినా. ఇన్నేళ్ల అలవాటు. పోనీ, బేడలు తీసుకోనా? పప్పు, సంగటి చేస్తా."

"నీ ఇష్టం."

"ఏమప్పా, సంతలో బాగా మెక్కి వచ్చినావా? నోరే లేస్తా లేదు."

"పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగలేదు మే."

"నీళ్లుండే ఊరి రైతుకే ఇస్తానని చెప్పి పోయినావు కదా. రైతే కొన్నాడా?"

"దూరమోడు."

"పళ్లు చూసినాడా? కాడి కట్టి నడిపించినాడా?"

"లేదు. తొడలు ఒత్తి చూసినాడు."

"తొడలా? యాడికి తోలుకపోయినాడు?"

"తోలుకపోలేదు. లారీకి ఎక్కించినాడు. పెద్దది ఎక్కకుండా కాళ్లు బిగబట్టింది. ఎంత కొట్టినా కదల్లేదు."

"మళ్ల?"

"నేను పిలిచినా. ఎక్కింది."

ఆమె అతని ముఖం వైపు చూడకుండా అంగడి వైపు తిరిగింది.

"బేడలు వద్దులే శెట్టీ. రెండు శేర్లు బొరుగులు కొలువు. ఈ పొద్దు మా ఇంట్లో పొయ్యి ముట్టించం."