గళ్ళచొక్కా బతికాడా, పోయాడా

ఆగాగు, చెప్పకు. తెలిసిందిలే, మొసలి సినిమా నీ ఫోన్లో దొరికింది, గళ్ళచొక్కా చెయ్యి కదిలిందో లేదో బొమ్మ ఆపి మరీ చూశావు. అంతటితో ఆగు. ముప్పై ఏళ్ళ తగువమ్మా అది, నాకూ మీ తాతకీ. ఆయన పోయి పన్నెండేళ్ళయినా తెగలేదు. నువ్వు ఫోను చేసి ఒక్క ముక్కలో తేల్చేస్తానంటే ఎట్లా? ముందు నన్ను చెప్పనీ. తర్వాత నువ్వు చెబుదువుగాని, ఎవరు ఓడితే వాళ్ళు ఓడారు.

ఏంటీ, మీ కాలేజీ వాళ్ళంతా కూర్చుని పడీ పడీ నవ్వారా? నవ్వరూ మరి. మేమూ నవ్వాం. మీ తాత మాత్రం నవ్వేవాడు కాదు, పరీక్ష రాసేవాడిలా కూర్చునేవాడు. ఆ రబ్బరు మొసలి నీళ్ళలోంచి లేస్తుంది చూడు, వీపు మీద జిప్పు కనపడుతుంది కదా, హాలంతా "జిప్పు! జిప్పు!" అని ఒకటే అరుపులు. ఈయన లేచి వెనక్కి తిరిగి, "జిప్పు కనపడితే కనపడింది, కుట్టు కనపడిందంట్రా మీకు? రబ్బరు మీద కుట్టు దాచినోడికి దండం పెట్టాలి!" అనేవాడు. "కూర్చో టైలరూ, మొసలి అడ్డమొస్తోంది" అని ఎవడో అనేవాడు. కూర్చునేవాడు. మళ్ళీ లేచేవాడు.

గళ్ళచొక్కాని పట్టుకున్నది కూడా ఆ టైలరు బుద్ధితోనే. అందరూ హీరోని చూస్తే ఈయన చొక్కాలు చూసేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "ఏమే, మొన్నటి సినిమాలో కత్తి పోటుకి పోయినోడు, ఇవాళ్టి సినిమాలో మేడ మీంచి పడి పోయినోడు, ఇద్దరి చొక్కా ఒకటే. జేబు మీద గళ్ళు కలవలేదు చూడు, అదే చొక్కా" అన్నాడు. "చొక్కా ఒకటైతే మనిషీ ఒకడేగా, తినండి" అన్నా. అదిగో, అక్కడ పట్టుకుంది పిచ్చి. విలను వెనక నలుగురు నిలబడతారు కదా, అందులో చివరివాడు. పేరు తెర మీద వెయ్యరు, మాటుండదు, మొదటి ఫైటులోనే పోతాడు. మీ తాత ఆయనకి అభిమాని. అభిమాన సంఘం కూడా పెట్టాడు. సభ్యులెంతమందనుకున్నావు? తనూ, ఇస్త్రీ ఆయనా. ఇస్త్రీ ఆయన కూడా టీ ఇప్పిస్తే వచ్చేవాడు, లేకపోతే రాజీనామా.

"ఆ చొక్కా సినిమా కంపెనీది కాదే, సొంతది. ఇంట్లోంచి వేసుకొస్తున్నాడు పాపం. చూడు, పొడిచినా చిరగనివ్వకుండా చస్తాడు. బురదలో తోస్తే వెల్లకిలా పడడు, వీపంతా బురద కాకుండా పక్కకి పడతాడు. చావడంలో అంత పొదుపు ఎవరికి చాతనవుతుంది?" ఇట్లా చెప్పుకుంటూ పోయేవాడు. ఇరవై మూడు సినిమాల్లో ఇరవై మూడు చావులు, వేళ్ళ మీద చెప్పేవాడు. హీరో పేరడిగితే మాత్రం, "ఎవడో ఉన్నాడులే, గుర్రం మీద వస్తాడు" అనేవాడు.

ఇక ఆ మొసలి సినిమా పాటలంటావా, అబ్బో. ఆ మ్యూజిక్ ఆయన ఎవరో గానీ మొసలి వచ్చినప్పుడల్లా రేకు డబ్బా నేల మీద ఈడ్చేవాడు. ఒక పాటలో పాడే ఆవిడ మొత్తం ఎక్కిళ్ళే. మాటలు లేవు. కేసెట్టు కొన్నది ఊళ్ళో ఈయనొక్కడే. మిషను తొక్కుతూ అదే పెట్టేవాడు. ఐదు ఎక్కిళ్ళు, ఆగుడు. ఐదు ఎక్కిళ్ళు, ఆగుడు. కాలు కూడా దాంతోపాటే ఆగేది. హెడ్మాస్టరు గారొచ్చి, "ఏమయ్యా, ఈ ప్యాంటు ఒక కాలు పొడుగేమిటి?" అంటే, "రెండో కాలు చరణంలో కుట్టానండీ, అక్కడ తాళం కష్టం" అన్నాడు. ఆయన ఆ ప్యాంటు వేసుకునే తిరిగాడు, ఏం చేస్తాడు, అరంగుళమే కదా.

మూడు రోజులు కూడా ఆడలేదు ఆ సినిమా. కానీ రీళ్ళ పెట్టె వెనక్కి తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. కొత్త సినిమా పెట్టె రాని రోజల్లా హాలు ఆయన ఇదే వేసేవాడు. జనం తిట్టుకుంటూ మొదలుపెట్టి, చివరికి మొసలి మాటలు ముందే అరవడానికి వచ్చేవాళ్ళు. అవును, మొసలి మాట్లాడుతుంది, నువ్వు చూశావుగా.

ఆ క్లైమాక్సులో మొసలి తోక కొడితే గళ్ళచొక్కా మెట్ల మీంచి దొర్లి బోర్లా పడతాడు. అదీ ఇరవై నాలుగోది. హీరో, హీరోయిన్ పక్కనే నిలబడి ఏదో చెప్పుకుంటారు. అప్పుడు చూశాడట మీ తాత, కింద పడున్నవాడు చెయ్యి కదిపి, పైకి లేచిన చొక్కా కిందికి లాక్కున్నాడట. "బతికాడే! ఈ ఒక్కదాంట్లో బతికాడు!" హాల్లోనే నా భుజం పట్టుకుని ఊపేశాడు. "చెయ్యీ లేదు, కాలూ లేదు. గాలికి చొక్కా కదిలింది" అన్నా. అంతే. మళ్ళీ ఎప్పుడు వేస్తే అప్పుడు నాకు చూపించడానికి తీసుకెళ్ళాడు. పంతొమ్మిది సార్లు. పెళ్ళికి కూడా కొట్టు ముయ్యని మనిషి, మొసలి సినిమా అంటే కొట్టు మూసేవాడు. నా బట్టలు ఇస్త్రీ ఆయన దగ్గర ముందుగా చేయించి ఉంచేవాడు. వచ్చేటప్పుడు దగ్గర దారిలో వస్తే తగువు పూర్తవదని స్టేషను వెనకనుంచి చుట్టూ తిప్పి తీసుకొచ్చేవాడు. ఒక్కోసారి నాతో మాట మానేసేవాడు కూడా, ఇంటి గుమ్మం దాకా.

ఆస్పత్రిలో కూడా అదే. ముక్కుకి గొట్టం పెట్టారు, నర్సమ్మ మాట్లాడొద్దంది. "ఏమే, ఇప్పటికైనా ఒప్పుకో" అన్నాడు. నేను... ఏమన్నాను? "కదల్లేదు. లేవండి, లేచి వచ్చి చూపించండి" అన్నా. హాలు కూల్చేసి అప్పటికి రెండేళ్ళు. "వస్తున్నా, చొక్కా ఇటివ్వు" అన్నాడు.

ఇచ్చానులే. చేతిలో పెట్టుకుని పడుకున్నాడు.

ఒకటి చెబుతా, మీ అమ్మకి కూడా తెలీదు. కదిలిందే. మొదటి రోజే చూశాను, చక్కగా కనపడింది. ఒప్పేసుకుంటే ఇంకెందుకు తీసుకెళతాడు చెప్పు? సరేలే అని మిషను ముందు కూర్చునేవాడు. ఆస్పత్రిలోనూ అంతే, ఒప్పుకుంటే ఇక లేవడేమో అనిపించింది. ఒప్పుకోకపోయినా లేవలేదనుకో. చెప్పి ఉండాల్సిందేమో. ఆ ఒక్క మాటే కదా అడిగాడు.

సరే, చెప్పు ఇప్పుడు. నేనే ఓడిపోయా, కదిలింది కదా?

ఏంటీ?

కదల్లేదా? గాలా? నాలుగుసార్లు ఆపి చూశావా? నీ మొహం! అరచేయంత బొమ్మలో ఏం కనపడుతుందే నీకు? ఎడం చెయ్యి చూడాలి, కుడిది పొట్ట కింద ఉంటుంది. గాలట గాలి! గాలైతే పక్కన నిలబడ్డ హీరోయిన్ జుట్టు ఎగరొద్దూ? అంత జుట్టు విరబోసుకుని నిలబడింది, ఒక్క వెంట్రుకన్నా ఎగిరిందా? ఏమే, చెప్పు. ఎగిరిందా? మళ్ళీ చూడు. ఆఁ, వద్దు, నువ్వొద్దు, నీకు చూడటం రాదు. రేపు పొద్దున్నే ఆ ఫోను పట్టుకుని ఇంటికి రా. మొదట్నుంచి పెట్టు, నేను చూపిస్తా.